ఎప్పుడొస్తోంది ఆ చప్పుడు?

టిక్‌టిక్, పటపట, గలగల, బుస్... సైలెన్సర్ చేసే ప్రతి కొత్త చప్పుడుకూ ఒక చోటు ఉంటుంది, ఒక వేళ ఉంటుంది. ఆ రెండూ పట్టుకుంటే లోపం సగం దొరికినట్టే. బొగ్గు టిప్పర్లు, మిర్చి ట్రాక్టర్లు, వాగులు దాటే ఆటోలు తిరిగే ఇల్లందు దారుల వెంట చెవి ఒగ్గితే వినిపించే సంగతులివి.

తెల్లారి షిఫ్టుకు బయల్దేరే వంద సీసీ బైకు. గుండాల వైపు తొలి ట్రిప్పు పట్టే డీజిల్ ఆటో. కోయగూడెం ఓపెన్‌కాస్ట్ బొగ్గు మోసే టిప్పర్. బస్తాలు నింపుకొని ఖమ్మం మిర్చి మార్కెట్టుకు దారితీసే ట్రాక్టర్. పొద్దున్నే జగదాంబ సెంటర్‌లో ఓ పక్కగా నిలబడితే చాలు, ఇల్లందు బతుకుతెరువు ఎలా నడుస్తోందో కళ్లు మూసుకొని కూడా చెప్పొచ్చు.

రోడ్డు పక్క షెడ్ల ముందు ఆగిన బండ్ల నంబరు ప్లేట్లు ఇంకో కథ చెబుతాయి. ఏపీ 20 అని ఉంటే ఉమ్మడి ఖమ్మం జిల్లా నాటి బండి. టీఎస్ 28 అయితే 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పుట్టాక కొన్నది. టీజీ 28 అంటే 2024 మార్చి తర్వాత షోరూం దాటినది. కార్బురేటర్‌తో నడిచే పాత బండి, సెన్సర్లతో నిండిన బీఎస్-6 బండి ఒకే మెకానిక్ ముందు పక్కపక్కన నిలబడతాయి. వాటిని తెచ్చినవాళ్ల మాట మాత్రం ఒకటే: "అన్నా, సౌండ్ తేడా కొడుతోంది. సైలెన్సర్ పోయినట్టుంది, చూడు."

పని తెలిసిన మెకానిక్ వెంటనే కిందికి వంగి చూడడు. ముందు అడుగుతాడు: "ఎప్పుడొస్తోంది? పొద్దున స్టార్ట్ చేయంగనేనా, వేడెక్కినంకనా? రేస్ ఇస్తేనా, వదిలితేనా? గుంతల్ల పడ్డప్పుడా?" ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేని యజమాని కొత్త సైలెన్సర్ కొంటాడు. చెప్పగలిగినవాడు చాలాసార్లు వంద రూపాయల లోపు గ్యాస్కెట్‌తో బయటపడతాడు. ఈ కథనమంతా ఆ ప్రశ్నల చుట్టూనే.

చెవి ఆసరాగా బతికిన ఊరు

చప్పుడు విని లోపం పట్టడం ఇల్లందుకు కొత్త విద్య కాదు. భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన డాక్టర్ కింగ్ 1871లో ఈ ఊరి దగ్గరే బొగ్గు జాడ కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు దక్కించుకుంది. 1889లో బొగ్గు తీయడం మొదలైంది. పక్కనున్న సింగరేణి గ్రామం పేరు పెట్టుకొని 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. జనం నోట ఇల్లందు ఇప్పటికీ బొగ్గుట్టే.

భూగర్భ గనిలో, ఇక్కడివాళ్ల మాటలో చెప్పాలంటే బాయిలో, కార్మికుల్ని పనిలోకి దింపే ముందు, వాళ్ల భద్రత చూసే సర్దార్ చేసే పని ఒకటుంది. కర్రతో పైకప్పును తట్టి వింటాడు. గట్టి బండ ఖంగున మోగుతుంది. లోపల పొర విడిన బండ డొల్లగా పలుకుతుంది. ఆ డొల్ల పలుకు విన్నాక కూడా అక్కడే పని చేయించేవాడు సర్దార్ కాడు. సైలెన్సర్‌ను రబ్బరు సుత్తితో తట్టి వినే మెకానిక్‌ది కూడా అదే విద్య. లోపల గట్టిగా ఉందా, ఊడిందా అన్నది మోతలోనే తేలుతుంది.

ఇదే ఊరికి ఇంకో చిక్కు కూడా ఉంది. డంపర్లు, డ్రిల్లుల మధ్య ఏళ్లు గడిపిన చెవులకు వినికిడి తగ్గుతుంది. చప్పుడు వల్ల వచ్చే చెవుడును గనుల చట్టం కింద గుర్తించిన వృత్తి వ్యాధుల్లో చేర్చారు. ఈ రకం చెవుడులో మొదట పోయేది సన్నని, కీచు శబ్దాలను వినే శక్తి. గొట్టం కీలు దగ్గర సన్నగా వచ్చే టిక్‌టిక్ సరిగ్గా ఆ కోవలోదే. అందుకే గనిలో చేసి రిటైరైనవాళ్లు బండి చప్పుడు మీద అనుమానం వస్తే ఇంట్లో పిల్లల్ని పిలిచి వినమనడం మంచిది. వాళ్ల చెవికి తొందరగా దొరుకుతుంది.

సెకనుకు 25 పేలుళ్లు

సైలెన్సర్ ఏం చేస్తుందో తెలిస్తే అది ఎందుకు గోల చేస్తుందో అర్థమవుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో రెండు చుట్లకు ఒకసారి పెట్రోలు మండుతుంది. మండిన వాయువు ఇంకా ఒత్తిడి మీద ఉండగానే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది. వాయువు ఒక్కసారిగా గొట్టంలోకి దూకుతుంది. ఆ దూకుడే చప్పుడు. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే సింగిల్ సిలిండర్ బైకులో ఇది సెకనుకు 25 సార్లు జరుగుతుంది. నాలుగు సిలిండర్ల కారులో అదే వేగం దగ్గర 100 సార్లు.

ఈ దెబ్బల్ని మెత్తబరచడానికి సైలెన్సర్‌లో గదులుంటాయి, చిల్లుల గొట్టాలుంటాయి, కొన్నిటిలో గాజు ఉన్ని ఉంటుంది. శబ్ద తరంగం గది గోడకు తగిలి వెనక్కి వస్తూ ఎదురొచ్చే తరంగాన్ని కొంత రద్దు చేస్తుంది. మిగిలినదాన్ని ఉన్ని పీల్చుకుంటుంది. అమెరికాలోని ఇండియానాకు చెందిన రీవ్స్ సోదరులు 1897లో ఇలాంటి పరికరానికి పేటెంట్ పొందారు. అప్పటి నుంచి లోపలి గదుల లెక్క మారిందే గానీ సూత్రం మారలేదు.

ఇంజన్ దగ్గర మొదలై తోక దాకా వెళ్లే ఈ దారిలో ఐదు చోట్ల చప్పుడు పుట్టొచ్చు. ఇంజన్ హెడ్‌కు గొట్టం కలిసే గ్యాస్కెట్, బెండు పైపు, కార్లలో, కొత్త బైకుల్లోనైతే క్యాటలిటిక్ కన్వర్టర్, సైలెన్సర్ డబ్బా, దాన్ని పట్టి ఉంచే క్లాంపులు, రబ్బర్లు. ఒక్కోదాని గొంతు ఒక్కోలా ఉంటుంది. పలికే వేళ కూడా వేరు.

చల్లగా ఉన్నప్పుడు టిక్‌టిక్

పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ ముందు భాగంలో టిక్‌టిక్‌మంటుంది. రేస్ ఇస్తే వేగం పెరుగుతుంది. ఐదారు నిమిషాలకు తగ్గిపోతుంది, లేదా మాయమవుతుంది. ఇది హెడ్ దగ్గరి గ్యాస్కెట్ లీకు చెప్పే మాట. లోహం వేడెక్కి వ్యాకోచిస్తుంది, సందు మూసుకుంటుంది, చప్పుడు ఆగుతుంది. బండి షెడ్డుకు చేరేసరికి ఇంజన్ వేడిగా ఉంటుంది కాబట్టి మెకానిక్‌కు ఏమీ వినపడదు. "అంతా బాగుందన్నా" అని పంపేస్తాడు. మర్నాడు పొద్దున మళ్లీ అదే.

ఈ టిక్‌టిక్‌ను టాపెట్ సౌండ్ (వాల్వుల దగ్గరి చప్పుడు) అనుకొని టాపెట్లు బిగించేసే పొరపాటు చాలా షెడ్లలో జరుగుతుంది. తేడా పట్టే దారి ఉంది. గ్యాస్కెట్ లీకు లోడు మీద, అంటే ఎత్తు ఎక్కేటప్పుడు గట్టిగా వినిపిస్తుంది. టాపెట్ సౌండ్‌కు లోడుతో పెద్దగా పనిలేదు, ఇంజన్ వేగంతోనే పని. కళ్లకు కనిపించే సాక్ష్యం కూడా ఒకటుంది. లీకున్న కీలు చుట్టూ నల్లటి మసి గీత పడుతుంది. ఆ గీత ఎటు చిమ్మిందో చూస్తే సందు ఎక్కడుందో తెలిసిపోతుంది.

గ్యాస్కెట్ మార్చినా నెలకే మళ్లీ లీకైతే గొట్టాన్ని హెడ్‌కు బిగించే స్టడ్డును అనుమానించాలి. అల్యూమినియం హెడ్‌లో థ్రెడ్ పోయిన స్టడ్డు ఎంత తిప్పినా బిగిసినట్టే ఉంటుంది, నిలవదు. అక్కడ కొత్త థ్రెడ్ వేయించాలే తప్ప, గ్యాస్కెట్ మీద గ్యాస్కెట్ వేసినా లాభం లేదు. ఎం-సీల్ పూసి గడిపేద్దామనుకోవడం అంతకన్నా దండగ. లోడు మీదున్న పెట్రోలు ఇంజన్ నుంచి బయటికొచ్చే వాయువు వేడి 600 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి ఏ ఎం-సీలూ ఆగదు.

రేస్ వదిలితే పటపట

టేకులపల్లి దారిలో దిగుడు మీద రేస్ వదలగానే కొన్ని బైకులు పటపట పేలుతాయి. కుర్రాళ్లు కొందరు దాన్ని ముచ్చటపడి వింటారు. దాని వెనక జరుగుతున్నది వేరు.

లీకంటే లోపలి పొగ బయటికి రావడం ఒక్కటే అనుకుంటాం. గొట్టంలో వాయువు ఒకే ప్రవాహంగా పోదు, దెబ్బలు దెబ్బలుగా పోతుంది. ఒక దెబ్బ దాటాక వెనకాల క్షణకాలం ఒత్తిడి పడిపోతుంది. ఆ క్షణంలో లీకు సందు బయటి గాలిని లోపలికి లాగుతుంది. రేస్ వదిలినప్పుడు సరిగా మండని పెట్రోలు ఆవిరి గొట్టంలోకి వస్తుంది. వేడి గొట్టం, మండని ఆవిరి, కొత్తగా దూరిన గాలి, మూడూ కలిశాక పేలకుండా ఉంటుందా? బెండు పైపు గ్యాస్కెట్ బాగుచేస్తే చాలా బైకుల్లో ఈ పటపట పోతుంది. పోకపోతే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువగా వెళ్తోందేమో చూడాలి. ఇంటేక్ రబ్బరు పగలడం, కార్బురేటర్ జెట్టు మూసుకుపోవడం అందులో మామూలు కారణాలు.

ఇంజెక్షన్ బండ్లలో ఈ లీకు జేబుకు కూడా చిల్లు పెడుతుంది. గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచి కంప్యూటర్‌కు చెబుతుంది. సెన్సర్‌కు ముందు లీకుంటే బయటి గాలి కలుస్తుంది. ఆక్సిజన్ ఎక్కువగా ఉన్నట్టు సెన్సర్ పొరబడుతుంది. పెట్రోలు తక్కువైందేమోనని కంప్యూటర్ ఇంకాస్త పోయిస్తుంది. యజమాని మైలేజీ తగ్గిందని ప్లగ్గు మారుస్తాడు, ఎయిర్ ఫిల్టర్ మారుస్తాడు, బంకు మారుస్తాడు. చెవికి చిన్నగా వినిపించే లీకు మాత్రం అలాగే ఉంటుంది.

పటపట వేరు, ఒక్కసారి ఢాంమనడం వేరు. ఢాంమంటూ పేలితే ప్లగ్గు నిప్పు ఆగి ఆగి వస్తోందని లెక్క. ఇంజన్ మిస్ కొడుతుంటే తోక దగ్గర చెయ్యి పెట్టినా తెలుస్తుంది. సమంగా తగలాల్సిన గాలి మధ్యలో ఒక దెబ్బ తప్పుతుంది. కారులో దీన్ని వాయిదా వేయకూడదు. మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. లోపలి తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ కరిగిపోతుంది. ప్లాటినం, పలేడియం, రోడియం పూతలున్న వస్తువది. ప్లగ్గు మీద మిగిల్చిన రూపాయలకు వందల రెట్లు అక్కడ పెట్టాల్సి వస్తుంది.

గుంతలో గలగల

బండి నిలకడగా నిలబడితే చప్పుడు లేదు. గుంతలో పడితే గలగల. లేదా ఒక్క వేగం దగ్గరే జీర. ఇలాంటిదైతే పొగకు సంబంధం లేని చప్పుడు కావచ్చు. క్లాంపు వదులైంది, వేలాడదీసే రబ్బరు తెగింది, లేదంటే కారు కింద వేడి తగలకుండా పెట్టిన రేకు కవరు ఊడింది. రేకు కవరుకు పట్టే జబ్బు చూడ్డానికి చిన్నది, చప్పుడు మాత్రం ఇంజనే విడిపోతోందన్నంతగా ఉంటుంది. వాషర్ వేసి బిగిస్తే పోతుంది.

బొగ్గు రవాణా దారుల్లో నడిచే బండ్లకు ఇది తరచుగా వచ్చే తలనొప్పి. బరువు లారీలు తొక్కిన రోడ్డు మీద అదురు ఎక్కువ. బొగ్గు ధూళి, బురద కలిసి క్లాంపుల మీద పేరుకుంటాయి, తడిని పట్టి ఉంచుతాయి, బోల్టు తుప్పు పడుతుంది. వానాకాలం ముందు, తర్వాత బండి కింద నీళ్లు కొట్టి కడిగించి క్లాంపులు బిగించుకుంటే సగం గలగలలు పుట్టవు.

రేకు, క్లాంపు, రబ్బరు అన్నీ బాగుండి ఇంకా గలగలంటే లోపలి సంగతి చూడాలి. చల్లారిన సైలెన్సర్‌ను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టాలి. గులకరాళ్లు కదిలినట్టు వినిపిస్తే లోపలి గది పలకలు తుప్పు పట్టి ఊడాయి. క్యాటలిటిక్ కన్వర్టర్ దగ్గర అలా వినిపిస్తే పింగాణీ దిమ్మ పగిలింది. సైలెన్సర్ డబ్బా అయితే కోసి వెల్డింగ్ చేసేవాళ్లున్నారు. పగిలిన పింగాణీకి వెల్డింగ్ లేదు, మార్చాల్సిందే.

గొంతు పూడుకుపోతే

చప్పుడు పెరిగితే అందరూ గమనిస్తారు. తగ్గితే ఎవరూ పట్టించుకోరు. కానీ సైలెన్సర్ మరీ నెమ్మదించి, తోక దగ్గర గాలి బలహీనంగా వచ్చి, ఎత్తు ఎక్కలేక ఇంజన్ మూలుగుతోందంటే పొగదారి పూడుకుందని అర్థం. లోపలి పొగ బయటికి పోకపోతే కొత్త గాలికి చోటుండదు. పికప్ పోతుంది, ఇంజన్ వేడెక్కుతుంది.

రాజ్‌దూత్, ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండ్ల కాలం చూసినవాళ్లకు ఈ జబ్బు బాగా తెలుసు. ఆ ఇంజన్లలో పెట్రోలుతో పాటు ఆయిలూ మండేది. దాని మసి సైలెన్సర్‌లో గట్టిపడేది. మెకానిక్ లోపలి చిల్లుల గొట్టం బయటికి లాగి మంటలో కాల్చి, తట్టి, మసి రాల్చి మళ్లీ బిగించేవాడు. బండికి ప్రాణం లేచొచ్చేది. ఇప్పటి బండ్లలో ఆ పని కుదరదు. బీఎస్-6 డీజిల్ టిప్పర్లలో మసిని పట్టే ఫిల్టరుంటుంది. నిండినప్పుడు తనంతట తానే కాల్చుకునే ఏర్పాటు దానికుంది. ఆ సమయంలో ఇంజన్ చప్పుడు కాస్త మారుతుంది, వేడి వాసన వస్తుంది. అది లోపం కాదు. ఫిల్టరు దీపం వెలిగినా పట్టించుకోకుండా ఆగుతూ పోతూ నడిపితేనే అది పూర్తిగా మూసుకుపోతుంది.

టర్బో ఉన్న డీజిల్ బండికి ఇంకో గుర్తుంది. రేస్ ఇచ్చినప్పుడు ఈల వేసినట్టు లేదా బుస్‌మన్నట్టు వినిపిస్తూ, నల్లపొగ వస్తూ, లాగుడు తగ్గితే టర్బోకు ముందో వెనకో గాలి పోతోందన్నమాట. టర్బోను తిప్పాల్సిన వాయువు దారిలోనే జారిపోతుంది. బరువుతో ఎత్తు ఎక్కాల్సిన టిప్పర్‌కు ఇది ట్రిప్పుల లెక్కలోనే తెలుస్తుంది.

వాగు నేర్పే జాగ్రత్త

గుండాల, ఆళ్లపల్లి వైపు కిన్నెరసాని, మల్లన్న వాగు, ఏడు మెలికల వాగు పొంగే రోజుల్లో దారులు తెగుతాయి. పొంగే వాగులో బండి దించకపోవడమే మొదటి జాగ్రత్త. చీలమండల లోతు నీళ్లు దాటాల్సి వచ్చినప్పుడు మధ్యలో ఇంజన్ ఆపొద్దు. నడుస్తున్నంతసేపు పొగ ఒత్తిడి నీళ్లను తోకలోంచి రానివ్వదు. ఆగిందో, నీళ్లు లోపలికి పోవచ్చు. అప్పుడు సెల్ఫ్ కొట్టకుండా బండిని ఒడ్డుకు తోసి, ఎయిర్ ఫిల్టరు తడిసిందేమో చూసి, ప్లగ్గు విప్పి నీళ్లు లేవని తేల్చుకున్నాకే స్టార్ట్ చేయాలి. ఇంజన్‌లోకి నీళ్లు పోయి ఉండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజన్ నుంచి పొగను గొట్టంలోకి పంపే పోత ఇనుప మానిఫోల్డు బాగా వేడెక్కి చన్నీళ్లలో దిగితే పగులు రావచ్చు. మర్నాడు వినిపించే టిక్‌టిక్‌కు అదే మూలం కావచ్చు.

సైలెన్సర్‌కు నీళ్లు వాగులోంచే రావాలని లేదు. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. దూరం వెళ్లే బండిలో అది ఆవిరై పోతుంది. క్వార్టర్ల నుంచి గోవింద్ సెంటర్‌కు, అక్కడి నుంచి ఇంటికి మాత్రమే తిరిగే బండిలో సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు. నీరు డబ్బా అడుగున నిలిచి లోపలి నుంచి తుప్పు తింటుంది. పైకి మెరుస్తున్న సైలెన్సర్ ఒకరోజు హఠాత్తుగా డబడబలాడటం ఇందుకే. వారానికొకసారైనా ఓ అరగంట ఆపకుండా నడిపితే మేలు. చాలా సైలెన్సర్ల కింద సన్నని రంధ్రం ఒకటి కంపెనీయే పెడుతుంది. ఆ నీళ్లు కారిపోవడానికే అది. లీకనుకొని దాన్ని వెల్డింగ్‌తో మూసేస్తే డబ్బా ఆయుష్షు మూసినట్టే.

షెడ్డుకు వెళ్లేముందు ఇంట్లో పరీక్షలు

* బండిని ఆరుబయట, చదునైన చోట పెట్టాలి. పూర్తిగా చల్లారిన ఇంజన్‌తో మొదలుపెట్టాలి. బండి కింద దూరాలంటే జాకీ ఒక్కటే నమ్ముకోకూడదు, స్టాండ్లు పెట్టాలి.

* స్టార్ట్ చేసిన వెంటనే, గొట్టం కాలకముందే, మందమైన తడిగుడ్డతో తోకను ఒకటి రెండు సెకన్లు మూయాలి. లోపల ఒత్తిడి పెరిగి లీకున్న చోట బుస్‌మంటుంది. ఎక్కడా లీకు లేకపోతే గుడ్డను గట్టిగా తోస్తుంది.

* కీళ్ల మీద సబ్బు నీళ్లు చల్లితే లీకు దగ్గర బుడగలొస్తాయి. ఇది కూడా చల్లగా ఉన్నప్పుడే.

* మీటరు పొడవు రబ్బరు గొట్టం ఒక కొన చెవి దగ్గర పెట్టుకొని రెండో కొనను కీళ్ల పక్కగా జరుపుతూ పోవాలి. లీకు దగ్గర చప్పుడు ఒక్కసారిగా పెరుగుతుంది. తిరిగే ఫ్యాను, బెల్టులకు, కాలే గొట్టానికి గొట్టం తగలనివ్వద్దు.

* తోక దగ్గర కాగితం ముక్క పట్టుకోవాలి. సమంగా బయటికి కొట్టుకుంటే మంచిది. మధ్యమధ్యలో లోపలికి పీల్చుకుంటే మిస్ కొట్టడమో, వాల్వు సరిగా మూసుకోకపోవడమో ఉంది.

* ఇంజెక్షన్ బండిలో నడుస్తుండగా ప్లగ్గు వైరు పీకి చూడొద్దు. షాక్ కొడుతుంది, మండని పెట్రోలు కన్వర్టర్‌ను పాడుచేస్తుంది.

చెవికి అందని ప్రమాదం

ఇంతవరకు చెప్పినవి జేబుకు సంబంధించినవి. ప్రాణానికి సంబంధించింది ఒకటుంది. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. కారు కింద మధ్యలో లీకుండి, నేల రేకులో చిల్లులుంటే ఆ వాయువు లోపలికి చేరుతుంది. అద్దాలు మూసుకొని వెళ్తుంటే అందరికీ తలనొప్పి, మత్తు, వికారం మొదలై, దిగి గాలి పీల్చుకోగానే తగ్గితే ఏసీ పడలేదని సరిపెట్టుకోవద్దు. ఆ బండిని లీకు తేలేదాకా నడపొద్దు. మూసిన షెడ్డులో ఇంజన్ ఆన్‌లో ఉంచడం ఎప్పుడూ పనికిరాదు.

అడవి అంచున ఉండేవాళ్లకు ఇంకో జాగ్రత్త. వేసవిలో తునికాకు సేకరణ కాలానికి అడవి దారుల మీద ఎండుటాకులు మందంగా పరుచుకుంటాయి. నడిచి వచ్చిన కారు కన్వర్టర్ వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది. మిస్ కొడుతుంటే ఇంకా ఎక్కువ. ఆ బండిని ఎండుగడ్డి మీద ఆపితే నిప్పంటుకోవచ్చు. సైలెన్సర్ పగిలి నిప్పురవ్వలు రాలే ట్రాక్టర్‌కూ ఇదే ముప్పు. మట్టి నేల చూసి ఆపుకోవాలి.

కావాలని తెచ్చుకునే మోత

బాగున్న సైలెన్సర్ తీసేసి మోత పెంచుకునే సరదా అన్ని ఊళ్లలాగే ఇక్కడికీ వచ్చింది. బుల్లెట్‌కు 'పంజాబీ', 'ఇందోరీ', 'షార్ట్ బాటిల్' పేర్లతో దొరికే సైలెన్సర్లలో చాలావాటికి లోపల అడ్డుగోడలే ఉండవు. పికప్ పెరిగిందన్న నమ్మకం ఎక్కువగా చెవి చేసే మాయ. కంపెనీ గొట్టం పొడవు, లావు ఆ ఇంజన్ కొలతకు లెక్కగట్టి చేసినవి. వాటిని మార్చితే చిన్న ఇంజన్లు తక్కువ వేగం దగ్గర లాగుడు కోల్పోవడమే ఎక్కువ.

చట్టం కూడా స్పష్టంగానే ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వది ట్రాక్టర్‌తో సహా ప్రతి మోటారు వాహనానికీ సైలెన్సర్ ఉండాలంటుంది. తయారీ దశలో ఏడున్నర మీటర్ల దూరం నుంచి కొలిచే పరీక్షలో 80 సీసీ దాకా ద్విచక్ర వాహనాలకు 75 డెసిబెల్స్, 175 సీసీ దాకా 77, ఆపైన 80 పరిమితి. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి మోత దాదాపు రెట్టింపైనట్టు తోస్తుంది. శబ్ద ప్రమాణాలు మీరితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారికే రూ.10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. లైసెన్సుకు మూడు నెలల అనర్హత కూడా ఉంది. హైదరాబాద్, విశాఖపట్నం పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్ కింద తొక్కించిన సంగతి తెలిసిందే.

నివాస ప్రాంతాల్లో రాత్రిపూట 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. నైట్ షిఫ్టు చేసినవాళ్లు పగలు, పగలు షిఫ్టు చేసినవాళ్లు రాత్రి నిద్రపోయే గని ఊళ్లో మోత సైలెన్సర్‌కు తగిన వేళంటూ ఒకటి లేదు. మెకానిక్ పనికీ అది అడ్డే. తెరిచిన గొట్టం మోతలో గ్యాస్కెట్ టిక్‌టిక్ ఎవరికి వినిపిస్తుంది?

మెకానిక్‌కు ఏం చెప్పాలి

షెడ్డుకు వెళ్లి "సైలెన్సర్ మార్చు" అనడం డాక్టర్ దగ్గరికి వెళ్లి మందు పేరు మనమే చెప్పడంలాంటిది. దానికి బదులు నాలుగు సంగతులు చెప్పండి. చప్పుడు చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? లోడు మీదా, వదిలినప్పుడా? నిలబడి ఉన్నా వస్తుందా, కదిలితేనే వస్తుందా? మొదలైన రోజుకు ముందు బండికి ఏం జరిగింది: వాగు దాటిందా, కింద రాయి తగిలిందా, ఎవరైనా గొట్టం విప్పారా? చప్పుడొచ్చినప్పుడే సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. ఫోను ఇంజన్ దగ్గర ఒకసారి, మధ్యలో ఒకసారి, తోక దగ్గర ఒకసారి పెడితే ఎక్కడ గట్టిగా ఉందో తేడా తెలుస్తుంది. చల్లటి ఇంజన్ చప్పుడైతే ముందురోజు సాయంత్రమే బండి షెడ్డులో వదిలిరండి. పొద్దున తొలి స్టార్టు మెకానిక్ చేతుల మీదుగా జరగనివ్వండి.

వెల్డింగ్ అవసరమని తేలితే బ్యాటరీ వైరు తీయించాకే చేయించండి. లేకపోతే ఇంజెక్షన్ బండి కంప్యూటర్‌కు దెబ్బ తగులుతుంది. కారు గొట్టం స్టెయిన్‌లెస్ రకమైతే మామూలు రాడ్డుతో వేసిన అతుకు పక్కనే తుప్పు మొదలవుతుందని గుర్తుంచుకోండి. విప్పిన ప్రతిసారీ కొత్త గ్యాస్కెట్ వేయమనండి. ఒకసారి నలిగిన గ్యాస్కెట్ రెండోసారి సరిగా కూర్చోదు. బిగించాక మీ ముందే తోక మూసి బుస్‌మనడం లేదని చూపించమనండి. డబ్బులు దాని తర్వాత ఇవ్వండి.